పసుపు రంగు మబ్బు

మూడేళ్ల కిందటి ఎండాకాలం, యాసంగి కోతలప్పుడు. కంది ఊరి దగ్గర ఒక చిన్న వాతావరణ సంస్థలో నేను రాడార్ ఆపరేటర్‌ని. మా కంచె అవతలే అంజమ్మ కౌలు పొలం, రెండెకరాల వరి. మబ్బు పడితే ఆమె నన్నే అడిగేది.

ఆ మధ్యాహ్నం హార్వెస్టర్‌ను దారిలో ఆపించి వచ్చింది.

"సారూ, వడ్లు జెర పచ్చిగున్నయి. రేపటిదాంక ఆగాల్నా? రాళ్లవాన గిట్ల పడతదా?"

తెర చూశాను. సదాశివపేట వైపు మబ్బు, పైభాగమంతా పసుపు.

రాడార్ మబ్బులోకి మైక్రోవేవ్‌లు పంపుతుంది. నీటిచుక్కలు, మంచుముక్కలు వాటిని చెదరగొడతాయి. వెనక్కి వచ్చిన బలమే రిఫ్లెక్టివిటీ, దాన్నిబట్టే తెర మీద రంగు: మధ్యస్థమైతే పసుపు, బాగా బలమైతే ఎరుపు. అయితే పొడి మంచుముక్క, అంతే సైజు నీటిచుక్క పంపేదాంట్లో ఐదో వంతే వెనక్కి పంపుతుంది. అందుకే నీరు గడ్డకట్టే ఎత్తులో కనిపించే పసుపును మామూలు వాన అనుకోకూడదు, అవి పెద్ద వడగళ్లే కావచ్చు. ఇది నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పారు.

కానీ అంతకుముందు రెండుసార్లు వడగళ్లన్నాను, పడలేదు. మేనేజర్ అందరి ముందూ దులిపేసి, "ఎరుపు రానిదే వడగళ్ల మాట ఎత్తొద్దు" అని కాగితం రాసి నా తెర పక్కనే అంటించాడు.

"వానే అంజమ్మా. రేపు కోయించుకో" అన్నాను.

ఆమె మిషన్‌ను పక్క రైతు పొలానికి పంపేసింది.

గంట తర్వాత తెర మీద ఎరుపు వచ్చింది. కిందికి దిగుతూ కరిగి, పైన నీటిపొర పట్టిన మంచు నీటిలాగే మెరుస్తుంది మరి. అప్పటికే మా రేకుల కప్పు మీద రాళ్లు మోగుతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

వాన వెలిశాక వెళ్లాను. వరి చాలావరకు నిలబడే ఉంది, కంకుల్లో గింజ లేదు. అంజమ్మ బురదలో కూర్చుని వడ్లు ఏరుతోంది.

"మీ మిషిన్ల కనవడలేదా సారూ?"

"కనబడలేదు" అన్నాను.

పచ్చి అబద్ధం. రాళ్లు పడేదాకా మబ్బు హెచ్చరిక స్థాయి దాటలేదని సంస్థ రాసిన రిపోర్టు మీద సంతకం కూడా నాదే. ఆ రెండింటికీ ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

యంత్రం దాచింది కొంచెమే, మిగతాది నేను దాచాను. ఆ రోజు నాకు నేర్పింది ఇదే. ఇప్పుడు పైన పసుపు కనిపిస్తే మేనేజర్‌ని అడగను, కంచె దగ్గరికి పరిగెత్తి చెబుతాను.

"మంచిది సారూ" అంటుంది అంజమ్మ. తర్వాత పక్క రైతును పిలిచి అడుగుతుంది, "ఏమంటవన్నా, రాళ్లు పడతయా?"