స్విట్జర్లాండులో పొద్దుగూకే వేళ

తొంభైల మధ్యలో నేను మనామాలో ఒక ట్రావెల్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, స్విట్జర్లాండు గురించి నాకంటే తెలిసినవాడు బహ్రెయిన్‌లో ఇంకొకడు ఉండేవాడు కాదు. ఆ దేశం నేను చూడలేదు. సెలవులకు బొంబాయి మీదుగా కాకినాడ పోవడం తప్ప ఇంకో దారి ఎరగను. అయితే వేసవి టిక్కెట్లు కొనేవాళ్లకు ఊరికే పంచడానికి నాలుగు పేజీల కరపత్రం కావాలన్నాడు మా మేనేజరు. ఆఫీసులో ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాసేది నేనొక్కణ్ణే కాబట్టి ఆ దేశాన్ని నాకు అప్పగించారు.

మూడు బ్రోషర్లు, ఒక పాత అట్లాసు ముందేసుకుని వారం రోజులు కూర్చున్నాను. కుళాయి నీళ్లు నిర్భయంగా తాగవచ్చని రాశాను. ఆదివారం కొట్లు మూసేస్తారనీ, ప్లగ్గుకు మూడు గుండ్రటి కాళ్లుంటాయనీ, వెయిటరుకిచ్చే టిప్పు బిల్లులోనే కలిసి ఉంటుందనీ రాశాను. రైలు నిమిషం ఆలస్యమైతే అక్కడివాళ్లు సిగ్గుపడతారని కూడా రాశాను. ఇది ఏ బ్రోషర్లోనూ లేదు, రాస్తూండగా తోచింది. నా చేతుల్లో ఆ దేశం రోజురోజుకీ బాగుపడుతూ వచ్చింది. రిఫాలో మా ఫ్లాట్‌కి వచ్చిన తెలుగువాళ్లకు కాఫీతో పాటు ఒక పేజీ చదివి వినిపించేవాణ్ణి. రెండోసారి వచ్చినవాళ్లు కాఫీ వద్దనేవారు.

నా పాండిత్యం సంగతి అలా నలుగురికీ తెలిసింది. ఒక శుక్రవారం, మా వీధి చివర అరబ్బు ఇంట్లో డ్రైవరుగా ఉన్న నిజామాబాదు మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఎనిమిదేళ్లుగా అదే ఇంట్లో పని. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి రప్పించుకున్న యజమాని, జూలైలో ఇంటిల్లిపాదితో నలభై రోజులు స్విట్జర్లాండు పోతున్నాడు. బండి తోలడానికి ఇతన్నీ తీసుకుపోతున్నాడు.

“ఊర్ల అందరు ఖుషీగున్నరు సార్. ఒక దుబాయికెల్లి ఇంకో దుబాయికి పోతున్ననంటున్నరు,” అన్నాడు. “ఆడి సంగతులన్ని మీకు ఎర్కేనట గద. జెర చెప్పుండ్రి.”

నాకంతకంటే ఏం కావాలి! కూర్చోబెట్టి నాలుగు పేజీలూ తెలుగులో చెప్పాను. ప్లగ్గుల దగ్గర తలూపాడు. కొండలూ సరస్సులూ ఓపిగ్గా విన్నాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

“ఆడ పొద్దు ఎప్పుడు గూకుతది సార్?”

“రాత్రి తొమ్మిదిన్నరకి భాయ్!” అన్నాను, ఆ ఏర్పాటు నేనే చేయించినంత గర్వంగా. “మనలాగా ఆరున్నరకే చీకటి పడిపోదు. ఎంత తిరిగితే అంత పగలు! కరపత్రం తలకట్టులో కూడా ఆ టైమే వేయిస్తున్నాం!”

అతని మొహం వాడిపోయింది. అప్పుడు చెప్పాడు. పనిలో చేరిన రోజున కఫీల్‌తో కుదిరిన ఒప్పందం ఒకటుంది. కాగితం లేదు, నోటిమాటే. మగ్రిబ్ అజాన్, అంటే పొద్దుగూకినప్పటి నమాజు పిలుపు, వినపడగానే బండి తాళంచెవి మేకుకు తగిలించి పోవచ్చు. డ్యూటీ ఖలాస్. అక్కణ్ణుంచి సమయమంతా అతనిది. తన జిల్లావాళ్లతో కలిసి వండుకు తినడం, ఊళ్లో కూతురి కోసం క్యాసెట్‌లో మాటలు నింపడం, కాళ్లు చాపుకోవడం, అన్నీ ఆ వేళలోనే. ఎనిమిదేళ్లలో కఫీల్ ఒక్కసారీ మాట తప్పలేదు.

“మంచోడే సార్. మాట మీద నిలవడ్తడు. గదే నా బయం,” అన్నాడు.

నాకు సిగ్గేసింది. మర్నాడు కరపత్రం అచ్చుకు పోయే ముందు ఒక వాక్యం చేర్చాను. ఈ దేశంలో పనివాళ్లకు సాయంత్రం ఆరింటికి సెలవివ్వడం ఆచారం, దాన్ని అందరూ గట్టిగా పాటిస్తారు అని. రైళ్ల సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇదీ అక్కణ్ణుంచే వచ్చింది. ఆఫీసులో ఇంకో గుమాస్తా అంతా అరబ్బీలోకి మార్చాడు. అచ్చయి రాగానే ఒక ప్రతి నేనే ఆ ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చాను. ఒక మనిషి సాయంత్రాలు కాపాడానన్న తృప్తితో తిరిగొచ్చాను.

ఆగస్టు చివర్లో అతను ఒక చాక్లెట్ డబ్బాతో వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి.

“మీ కాయితం మా కఫీల్ బాబా రోజు చదివేటోడు సార్. ఆడ అజాన్ ఇనపడదు గద, గందుకని పొద్దు గూకుడు గూడ మీ కాయితంలనే జూసిండు. ఆగస్టుల ఎనిమిదిన్నరకే గూకింది. ‘కాయితంల తొమ్మిదిన్నర ఉన్నది, గప్పటిదాంక తోలు’ అన్నడు.”

“మరి ఆరింటి సంగతి?” అన్నాను నెమ్మదిగా.

“అది గూడ చదివిండు. హోటల్ల రూములు ఊడ్శే ఆమెను ఆరు కొట్టంగనే ‘యల్లా, ఇంటికి పో’ అని పంపిచ్చేటోడు. మరి నాకు గాదా బాబా అని అడిగిన. ‘అది గీ దేశపోళ్ల ఆచారం, నీది బహ్రెయిన్ డ్యూటీ’ అన్నడు.” చాక్లెట్ డబ్బా నా ముందుకు జరిపాడు. “నలబై దినాలల్ల బిడ్డకు ఒక్కటే క్యాసెట్ నింపిన సార్. అండ్ల సగం నా గురకనే ఉన్నదని ఉత్తరం రాసింది.”

నేను నవ్వబోయి ఆగిపోయాను. అతను నవ్వలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

“వచ్చే ఎండకాలం గూడ తీస్కపోతడట,” అన్నాడు లేస్తూ. “పొద్దు జల్ది గూకే దేశమేదన్న ఉంటె, దాన్ని మంచిగ రాయుండ్రి సార్. మీరు రాస్తె బాబా నమ్ముతడు.”

తప్పకుండా రాస్తానన్నాను. మా మేనేజరు కొత్త బ్రోషర్లు నా బల్ల మీద పెట్టి అప్పటికే వారమైందని చెప్పడానికి నోరు రాలేదు. వచ్చే వేసవికి నార్వే. ఉత్తరాన ఆ నెలల్లో అసలు పొద్దే గూకదని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో వేశారు.