మూడు మెట్లు కింద

మా చర్చిలో కీబోర్డు వాయించేవాళ్ళు నల్ల మెట్ల జోలికి పోరు. నేనూ అంతే. పర్చూరులోనే కాదు, ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా ఇదే వరస. ఒకరు వాయిస్తుంటే చూసి ఇంకొకరు నేర్చుకుంటారు, అన్ని పాటలూ తెల్ల మెట్ల మీదే లాగించేస్తారు. పాడే మనిషి గొంతుకు అందకపోతే ట్రాన్స్‌పోజ్ అనే బటన్ నొక్కుతారు. వేళ్ళు ఉన్నచోటే ఉంటాయి, శ్రుతి మాత్రం పైకో కిందికో పోతుంది. ఆ మాత్రానికే మాకు సంగీతం వచ్చని చెప్పుకుంటాం.

మా చర్చిలో పాట ఎత్తేది మా అక్క. మా పక్క వీధిలో కుట్టుమిషన్ పెట్టుకుని ఒంటరిగా బతికేది. అక్కకు ఊపిరితిత్తుల జబ్బని గుంటూరు డాక్టర్లు తేల్చకముందే ఆ సంగతి నా బటన్‌కు తెలిసింది. ఒక ఆదివారం, స్కేల్ ఒక మెట్టు దించవే, అంది. కొన్నాళ్ళకు ఇంకోటి. ఇంజెక్షన్లు మొదలయ్యాక మూడోది. ఆ తర్వాత దించినా లాభం లేకపోయింది. వెనక బెంచీలో కూర్చుని పెదాలు కదిపేది. నాకు ఒళ్ళు మండిపోయేది, దేవుడి మీదా, ఆ బెంచీ మీదా, అక్క చోట నిలబడి శ్రుతి తప్పి పాడే ఆవిడ మీదా.

ఒకరోజు అక్క తన కోసం ఏదైనా నేర్చుకుని వాయించమంది. ఏ పాట కావాలో చెప్పమన్నాను.

"పాటలొద్దే. మాటలుంటే నాకు పాడబుద్ధవుద్ది. మాటల్లేనిది వాయించు, పియానో మీద."

అక్క చిన్నప్పుడు గుంటూరు హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడి పాత చర్చిలో ఒక పియానో ఉంది. ఆరాధన మొదలయ్యేలోపు జనం వచ్చి కుదురుకునేదాకా దాని మీద చిన్న చిన్న ముక్కలు వాయించేవారట. ప్రెల్యూడ్‌లంటారు వాటిని, ఎప్పుడో మూడొందల ఏళ్ళ కిందట దేశం కాని దేశంలో రాసినవి. ఆ శనివారమే బస్సెక్కాను. ఇప్పుడు ఆ పియానో చూసుకునేది రిటైరైన మ్యూజిక్ టీచరమ్మ. నా కథ విని రెండు ప్రెల్యూడ్‌లు వాయించి చూపించారు. మొదటిది దాదాపు తెల్ల మెట్ల మీదే పోతుంది, తొందరగా వచ్చేస్తుందన్నారు. రెండోదాంట్లో నల్లవి ఎక్కువ, మీకు కష్టమమ్మా, అన్నారు. రెండూ ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను కానీ, నా మనసు మొదటిదాని మీదే ఉంది.

అక్కకు రెండూ వినిపించాను. మొదటిది బాగుందంది, కూర బాగుందన్నట్టు. రెండోది మొదలవగానే మిషన్ తొక్కడం ఆపేసింది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది.

"ఇదేనే. ఏడుస్తానే నడిచిపోతంది చూడు, ఆగి కూర్చోవట్లా."

ఇక ఎంచుకునేదేముంది? నేను పాఠాలు చెప్పే బడికీ అక్క ఇంజెక్షన్లకీ మధ్య గుంటూరు వెళ్ళి నేర్చుకునే తీరిక దొరకలేదు. టీచరమ్మ ఇచ్చిన స్వరాల కాగితం చదవడం నాకు రాదు. అందుకని నాకు తెలిసిన దారిలోనే పోయాను. బటన్‌ను మూడు మెట్లు పైకెక్కిస్తే, తెల్ల మెట్ల మీద వాయించింది ఫోన్‌లోని శ్రుతితో అచ్చంగా కలిసింది. బడి నుంచి రాగానే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే పని. నాకున్న భయం ఒక్కటే, అక్క ఉండగా ఇది నాకు వస్తుందా అని.

వచ్చింది. మిరపకాయల సీజన్లో అక్కను స్కానింగ్‌కు తీసుకెళ్ళాను. దారిలో మా బస్సు ముందు మిరప టిక్కీలు, ఆ పెద్ద బస్తాలు, నింపుకున్న లారీ ఒకటి. బస్సంతా దగ్గింది. లారీని దాటాక అందరి దగ్గూ ఆగింది, అక్కది ఆగలేదు. ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక ఇంజెక్షన్లు అక్కర్లేదన్నాడు. అక్క నా మొహం చూసింది. ఆ పియానో ఉన్న చర్చికి పోదాం పద, అంది.

టీచరమ్మ పియానో మూత తీశారు. అక్క ముందు బెంచీలో కూర్చుంది. నేను మొదలుపెట్టాను. రావాల్సిన చోటు కంటే మూడు మెట్లు కింద, బరువుగా పలుకుతోంది పియానో. దీనికి బటన్ లేదన్న సంగతి ఇన్నాళ్ళూ నా బుర్రకు తట్టనే లేదు. నా వేళ్ళకు తెలిసింది ఆ ఒక్క చోటే. టీచరమ్మ తల తిప్పి చూశారు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు, అందుకే తప్పులు పోతూనే చివరిదాకా వాయించాను.

సగంలో ఇంకో స్వరం వినపడింది. పెదాలు మూసుకుని, గొంతులోనే, నాతోపాటు కూనిరాగం తీస్తోంది అక్క. నెలల తర్వాత విన్నాను ఆ గొంతు. అరిగిపోయి ఉంది కానీ శ్రుతి తప్పలేదు.

అయిపోయాక అడిగింది. "నా కోసం దించావా?"

"ఆ, నీ కోసమే," అన్నాను.

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు.

కళ్ళాల్లో ఎండబోసిన కాయలు ఎత్తకముందే అక్క పోయింది. మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు ఎవరిదో వచ్చి తీసుకెళ్ళారు. అప్పుడు ఏడవనిదాన్ని, ఆ ఆదివారం కీబోర్డు ముందు కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు శనివారాలు గుంటూరు వెళ్తున్నాను. నల్ల మెట్లతో సహా మొదటి నుంచీ నేర్చుకుంటున్నాను, చిన్నపిల్లకు అక్షరాలు దిద్దించినట్టు నేర్పుతున్నారు టీచరమ్మ. మొన్న మొదటిసారి ఆ రెండో ప్రెల్యూడ్‌ను దాని అసలు శ్రుతిలో, తప్పు లేకుండా చివరిదాకా వాయించాను. ఇదీ అసలు పద్ధతి, అన్నారావిడ.

నిజమే. కానీ అది అక్క గొంతుకు అందదు. ముందు బెంచీ వైపు చూశాను. దించమనేవాళ్ళు లేరు.