నాట్ల రోజున ఉప ఎన్నిక

ఈ ఉదయం మా క్యాంపు పాఠశాలలో ఉప ఎన్నికకు ఓటు వేసి వచ్చాను. పోలింగు మొదలైన కొద్దిసేపటికే వెళ్ళాను గనుక వరుస ఉంటుందని, అందులో అడ్డదిడ్డంగా నిలబడినవారిని సరిచేసే అవకాశం దక్కుతుందని ఆశించాను. ఉద్యోగం వదిలి ఎన్నేళ్ళయినా ప్రధానోపాధ్యాయుడి కళ్ళు విశ్రాంతి తీసుకోవు. తీరా చూస్తే వరుసే లేదు. ఓటర్ల కోసం సున్నంతో గీసిన గీతల మధ్య ఒక కోడిపెట్ట తన పిల్లలను వెంటబెట్టుకొని నడుస్తోంది. ఆ ఆవరణలో క్రమశిక్షణ పాటిస్తున్న ప్రాణి అదొక్కటే. లోపలి అధికారి, పెళ్ళింటికి తొలి బంధువు వచ్చినట్టు లేచి నిలబడి, "బన్ని సార్, బన్ని" అని కన్నడంలో స్వాగతం పలికాడు. నాకంటే ముందు ఎవరైనా వచ్చారా అని అడిగాను. "ఒబ్బరు అజ్జి బందు హోదరు సార్" అన్నాడు. ఒక ముసలావిడ వచ్చి వెళ్ళిందట. ఆ ముసలావిడ ఎవరో నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేదు.

ఇంటికి వచ్చి సబ్బుతో చేయి కడుక్కుంటూ, వదలని సిరా గుర్తును చూస్తుంటే, కొన్నేళ్ళ క్రితం ఇదే పాఠశాలలో జరిగిన మరొక ఉప ఎన్నిక గుర్తుకు వచ్చింది. అప్పుడు మా తాలూకా పంచాయతీ సభ్యురాలు ఉన్నట్టుండి రాజీనామా చేసింది. దాని వెనుక సిద్ధాంతమేదైనా ఉందేమో నాకు తెలియదు. గెలిచిన పార్టీ కంటే గెలవబోయే పార్టీ ఆమె భర్తకు ముందుగా కనిపించింది, అంతే. ఖాళీ అయిన స్థానం మహిళలకు కేటాయించినది. రెండు పార్టీలవారూ పక్క ఊరు తుర్విహాళ హోటళ్ళలో కూర్చొని, తాము చెప్పిన చోట సంతకం పెట్టి మారుమాట్లాడని స్త్రీ కోసం వెతికారు. వెతికి వెతికి ఒక పార్టీ మా వదినను, రెండో పార్టీ నాట్ల ముఠా మేస్త్రిని పట్టుకున్నాయి. మారుమాట్లాడని మనిషిని వెతికినవారు ఇంతకంటే ఘోరంగా పొరబడిన సందర్భం మా ప్రాంత చరిత్రలో ఉండదు.

వదిన మా అన్నగారి భార్య. తుంగభద్ర కాలువ కింద వరి పండించుకోవడానికి కోస్తా జిల్లా నుంచి మా కుటుంబం ఈ కన్నడ సీమకు వచ్చి ఈ క్యాంపులో స్థిరపడిననాడు కొత్త కోడలుగా వచ్చింది. అన్నగారు పోయాక సేద్యమంతా తానే చూసుకుంది. మా పొలం ఉపకాలువకు చిట్టచివర ఉంది. పైవాళ్ళందరి మళ్ళూ తడిశాక మిగిలిన నీరే మాకు. చివరి భూములకు నీళ్ళు ఇప్పిస్తామని పార్టీవారు మాట ఇచ్చినందువల్లే ఆమె నామినేషను వేసింది. మేస్త్రిది యాపలదిన్ని అనే ఊరి వైపు. నాట్లకు వచ్చిన ఆమె మనుషులు కొందరు ఏటా తిరిగి వెళ్ళడం మాని, మా క్యాంపు అవతల కాలనీ కట్టుకొని స్థిరపడ్డారు. ఆ కాలనీకి దారి లేదు. వానాకాలం నల్లరేగడిలో ఆటో దిగబడుతుందని ఏ డ్రైవరూ వచ్చేవాడు కాదు. కాన్పు నొప్పులు పడుతున్న కూతురిని మంచం మీద పడుకోబెట్టి, నలుగురితో పాటు తానూ భుజం పట్టి రోడ్డు దాకా మోసిన తల్లి ఆ మేస్త్రి. ఆమె ఎన్నికలో నిలబడింది ఆ దారి కోసమే.

నామినేషన్లు వేసిన సాయంత్రం మేస్త్రి మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"అక్కా, మా పార్టోళ్ళు నన్ను నిలబెట్టిండ్రు. నీ మీదనే అంట. నీకు గుస్స లేదు గద?"

"కోపమెందుకే? ఎన్నికల్లో నిలబడితే నిలబడు, నాట్లకి మాత్రం నా మళ్ళో వంగాలి" అంది వదిన.

"నాట్లు మనయే. గది పక్కా" అని, మజ్జిగ తాగి వెళ్ళింది.

ఆ ఏడు కాలువకు నీళ్ళు ఆలస్యంగా వదిలారు. నారు ముదురుతోంది. ఇంకో వారం ఆగితే అది నాటడానికి పనికిరాదు, ఆ పంట లేకపోతే వదినకు ఆ ఏటికి వేరే ఆధారం లేదు. చివరికి మా వంతు నీరు ఎన్నికల రోజునే వచ్చింది. కాలువ వంతుకు ఎన్నికల సంఘంతో పనిలేదు. రాత్రికి తూము మూసేస్తారు, మర్నాడు ముఠా వేరొకరి పొలానికి వెళ్ళాలి. చుట్టుపక్కల అందరి పరిస్థితీ ఇదే కావడంతో ఊరంతా మళ్ళలోనే ఉంది. పెద్ద నాయకులు కూడా, ఒక్క స్థానం ఎటు పోతే ఏమిటని, ఆ దరిదాపులకు రాలేదు. ఆ రోజు పొద్దున నేను ఓటు వేసినప్పుడు అధికారులు ఆవలిస్తున్నారు. ఎవరికి వేశానో వదినకు కూడా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. రహస్య ఓటు అంటే రహస్యంగా ఉండాలి.

ఓటు వేసి గొడుగుతో పొలానికి వెళ్ళాను. ముఠా ఆడవాళ్ళు వరుసగా వంగి నాటుతున్నారు. దమ్ము ఆలస్యమైనందువల్ల మధ్యాహ్నం దాటినా పొలం సగం కూడా కాలేదు. అప్పుడు వదిన మేనల్లుడు, అంటే ఆమె అన్నగారి కొడుకు, మోటారు సైకిలు గట్టు మీద పడేసి పరుగున వచ్చాడు. వదిన పార్టీకి మా క్యాంపులో అతడే సర్వాధికారి.

"అత్తా, అదృష్టమంటే నీదే! నువ్వింకేం చెయ్యక్కర్లేదు. అయిదింటిదాకా వీళ్ళని మళ్ళోంచి కదలనివ్వకు, చాలు. ఆవిడ ఓట్లన్నీ ఇదిగో, నీ బురదలోనే ఉన్నాయ్."

అతడు గొంతు తగ్గించి చెప్పాననుకున్నాడు గాని, పార్టీ మనుషులకు తగ్గించి మాట్లాడడం అలవాటు ఉండదు. మడిలో ఒక పిల్ల నడుము ఎత్తింది.

"ఏందే మేస్త్రీ, నీ చునావణ ఏమాయె? ఓట్లు ఎప్పుడేస్తం? పొద్దు వాలుతుండె."

"ముందుగాల నాటు. నారు పీకినంక ఎట్ల ఇడిసిపెడతం?"

"నారు సరే, మన తొవ్వ ఏమైతది?"

మేస్త్రి తల మరింత వంచి నాటింది. ఇచ్చిన మాట ఒకవైపు, కూతురిని మోసిన బురద దారి ఒకవైపు. రెంటి మధ్య ఆ వీపు ఎంత బిగుసుకుందో గట్టు మీద ఉన్న నాకు కూడా కనిపించింది. సెలవు అడిగే మనిషి కాదు ఆమె.

"మేస్త్రీ!" అని పిలిచింది వదిన. "చేతులు కడుక్కోండి. పోయి ఓటేసి రండి, అందరూ."

"అత్తా!" అన్నాడు మేనల్లుడు.

"నువ్వుండరా. నేను వీళ్ళని నాట్లకి పిలిచానా, జైల్లో పెట్టడానికి పిలిచానా?"

మేస్త్రి నమ్మలేదు. "గిట్ల నడిమిట్ల ఇడిసిపెడితే నారు ఎండుతది అక్కా. మాయి నీకు ఖిలాఫ్ ఓట్లు, ఎరుకేనా?"

"ఎరికే లేవే. నారు సంగతి నేను చూసుకుంటా. మరిదీ, ట్రాక్టరు తీయించు, వీళ్ళని దింపి రావాలి."

అక్కడ నేను అడ్డు చెప్పవలసి వచ్చింది. అభ్యర్థి తన బండిలో ఓటర్లను చేరవేయడం నియమ విరుద్ధం. "నాకు ఓటెయ్యనోళ్ళని ఎక్కించుకున్నా తప్పేనా?" అని అడిగింది వదిన. నియమం రాసినవారు అటువంటి అభ్యర్థిని ఊహించి ఉండరు. అయినా నియమం నియమమే. నడవవలసిందే అన్నాను.

అలా నా జీవితంలో మొదటిసారి, చివరిసారి, ఒక ఊరేగింపుకు ముందు నడిచాను. కాలనీలో ఆగి ఓటరు కార్డులు తీసుకున్నారు. అక్కడినుంచి కాలువ గట్టు మీద, ముందు గొడుగుతో నేను, వెనుక మోకాళ్ళ దాకా బురదతో ఆ స్త్రీలు. ఒకరి వెనుక ఒకరు నడవమన్నాను. "సారుకు బడి యాదికొచ్చింది" అని వెనుక ఎవరో నవ్వారు. గొడుగు కింద నేనూ నవ్వుకున్నాను గాని వెనక్కి తిరగలేదు. పాఠశాల గేటు బయటే నేను ఆగిపోయాను. లోపల నిద్రమొహంతో ఉన్న అధికారి కంగారుగా లేచి, ఆ వేళ్ళను చూసి, "కై తొళ్కొండు బన్నీమ్మా!" అని చేతిపంపు వైపు చూపించాడు. పొద్దుటినుంచి లేని వరుస అప్పుడు ఏర్పడింది. ఎంత చక్కటి వరుస అది!

అందరం వేగంగా తిరిగి వచ్చాం. ఎండ ఎర్రబడుతోంది. తడి గోనె సంచులు కప్పిన నారు కట్టలు పచ్చగానే ఉన్నాయి. వదిన ఒక్కతే మడిలో వంగి నాటుతోంది. ఏళ్ళ తరబడి ఆ పని చేయకపోవడంతో ఆమె వేసిన సాళ్ళు పాములా వంకరపోయాయి. మేస్త్రి చీర ఎగదోపి మడిలో దిగి, ఆమె పక్కన నిలబడి ఉన్నట్టుండి అడిగింది:

"అక్కా, నీ ఓటో?"

వదిన నడుము ఎత్తింది. ఎడమ చేయి తన కళ్ళ ముందుకు తెచ్చుకొని చూసుకుంది. వేలి మీద బురద ఉంది, సిరా లేదు. పోలింగు ముగిసే వేళ దాటిపోయింది.

"పొద్దున్నే వెళ్దామనుకున్నానే. నీళ్ళొచ్చాయ్ కదా..." అని, తన మతిమరుపుకు తానే పకపకా నవ్వింది. గట్టు మీద మేనల్లుడు నెత్తి పట్టుకొని కూలబడ్డాడు.

మేస్త్రి మాత్రం నవ్వలేదు. "మా అందరిని తోలిచ్చి నీది ఇడిసిపెట్టుకుంటివా? ఎంత పిచ్చిదానివక్కా!" అంటూ వదిన చేతిలోని నారు లాక్కొని, గట్టు మీదికి పంపించింది. కాలనీలోని మిగతా ఆడవాళ్ళకు కబురు పెట్టింది. ఎవరింటి పొయ్యి వాళ్ళు వదిలేసి వచ్చారు. చీకటి పడేలోగా ఆఖరి కట్ట కూడా నేలలో ఉంది. వదిన వేసిన వంకర సాళ్ళను ఎవరూ సరిచేయలేదు. నాకే చేతులు దురద పెట్టాయి.

మేస్త్రి గెలిచింది. తేడా చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతే. మేనల్లుడు దసరా దాకా అత్తతో మాట్లాడలేదు. తాలూకా కచేరీలో మేస్త్రి పార్టీ నాయకులు ఆమెకు ఆఖరి కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలోంచే ఆమె ప్రతి సమావేశంలోనూ లేచి అదే మాట అడిగి, వాళ్ళను విసిగించి, కాలనీకి మొరం దారి వేయించుకుంది. ఆ దారి మా పొలం మీదుగా తిప్పించుకొని పాఠశాల దాకా తెచ్చింది. ఆ ఏడు మా వరి ఇంటికి వచ్చింది. మరుసటి నాట్లకు గౌరవ సభ్యురాలు పార్టీ జెండా కట్టిన జీపులో వచ్చి మా గట్టు మీద దిగి, చెప్పులు విడిచి, మా మడిలోకి దిగింది. డ్రైవరు ముఖం చూడవలసిందే.

ఈ ఉదయం నేను నడిచి వెళ్ళింది ఆ మొరం దారి మీదనే. నాకంటే ముందు వెళ్ళిన ముసలావిడ మా వదినే. ఆ రోజు నుంచి ఏ ఎన్నిక వచ్చినా, కాఫీ తాగకముందే కర్ర పట్టుకొని వెళ్ళి ఓటు వేస్తుంది. వచ్చి, దారిలో మేస్త్రి గుమ్మం ముందు ఆగి, మాట లేకుండా వేలు ఎత్తి చూపిస్తుంది. లోపలినుంచి మేస్త్రి నవ్వు వినిపిస్తుంది. గోరు పెరిగిన కొద్దీ ప్రతి ఎన్నిక సిరా అంచుకు జరిగి రాలిపోతూనే ఉంది. సిరా పడని ఆ ఒక్క రోజు గుర్తును మాత్రం కాలం ఇప్పటికీ జరపలేకపోయింది.