చెంబెడు నీళ్లు

నిన్న నంద్యాలలో మా పాపకు విరేచనాలవుతుంటే ఓఆర్ఎస్ పొట్లం తెచ్చాను. చించగానే వచ్చిన నారింజ వాసనకు తమ్ముడు గుర్తొచ్చాడు.

నాకు ఏడేళ్లప్పుడు మేము ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. ఏడాది నిండని తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నర్సమ్మ ఇలాంటి పొడే ఇచ్చి, "లీటరు నీళ్లలో పొట్లమంతా కలపాల. నీళ్లు తగ్గకూడదు" అని చెప్పింది. ఇంట్లో లీటరు కొలత లేదు. అమ్మ చెంబెడు నీళ్లలో పొడంతా పోసింది.

"ఇది లీటరుంటాదా మే?" అని అవ్వ అడిగింది.

"చిక్కగుంటే తొందరగా తగ్గుతాదిలే అత్తా" అంది అమ్మ.

తమ్ముడు ఆబగా తాగాడు. ఎంత తాగినా దాహం తీరక, కన్నీళ్లు రాకుండానే ఏడ్చాడు. సాయంత్రానికి ఏడుపు ఆగింది. "మందు పనిచేసిందవ్వా!" అని నేను గంతులేశాను.

మరునాడు బస్సులో నంద్యాల ఆసుపత్రికి చేరేసరికి వాడు కళ్లు తెరవడం లేదు. అమ్మ వెంట తెచ్చిన చెంబు చూసి డాక్టరు నాయనను పక్కకు పిలిచాడు. "నీళ్లు సగమే కలిపినారప్పా. ఉప్పు రెండింతలై ఒంట్లో నీళ్లను లాగేసింది" అన్నాడు. నాయన చెయ్యి పట్టుకుని నిలబడ్డ నాకు అదేమీ అప్పుడు అర్థం కాలేదు. ఆరోజే తమ్ముడు పోయాడు.

నాయన ఆ మాట అమ్మకు చెప్పలేదు. ఆయన పోయాక నేనూ చెప్పలేదు.

నిన్న నేను పాపకోసం నీళ్లు కొలుస్తుంటే అమ్మ పక్కకొచ్చి నిలబడింది.

"ఆ పొద్దు ఇంగో పొట్లం తాపింటే మనోడు బతికేవాడు కదమ్మే?" అంది.

"అవునమ్మా" అన్నాను.