కన్నమ్మక్క ఆటలో చీలిపోయిన బొమ్మలు

2006లో భద్రాచలంలో బస్టాండుకు కాస్త దూరంగా నాకొక చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. ఏ మిషను ఎందుకు మొరాయించిందో దాన్ని చూస్తేనే తెలిసిపోతుందనుకునేవాణ్ణి. దాని ముందు కూర్చునే మనిషితో నాకేం పనిలే అనే పొగరు. ఆ పొగరు దించిన కేసు ఇది.

ఆ ఎండాకాలం ఒకరోజు చర్ల రోడ్డు మీది ఊరి నుంచి ముత్తయ్యన్న సీపీయూను ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. ఆయన భార్య కన్నమ్మ ఒక ఆఫీసులో టైపిస్టు. వాళ్ల కోయగూడెంలో నెల జీతం ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషి ఆమే. మూడు నెలల కింద పక్షవాతం వచ్చి ఆమె కుడిచేయి పడిపోయింది, మాట ముద్దగా అయిపోయింది.

"వేళ్లు ఆడిస్తనే ఉండాలన్నడు తమ్మీ డాక్టరు. రబ్బరు బంతి ఇచ్చిండు. పిసికి పిసికి యాష్టకొచ్చి ఇసిరికొట్టింది. మా బిడ్డ సెలవులకొచ్చి గీ గేము పెట్టిపోయింది. గిదైతే గంటసేపు వదలదు. ఇప్పుడు అండ్ల బొమ్మలు ఖరాబైనయ్. లీవు అయిపోయేలోపు వేళ్లు రాకపోతే నౌకరి కష్టం" అన్నాడు.

అది పాత కార్ల పందెం గేము. ఒకప్పుడు టీవీకి తగిలించి ఆడే గేమ్ బాక్సులో నడిచేది. కంప్యూటరును ఆ బాక్సులా నమ్మించే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు. జాయ్‌స్టిక్ మీద కుడి బొటనవేలు నొక్కి ఉంచితేనే కారు కదులుతుంది. ఆ లెక్కన బంతి కంటే మంచి మందే.

షాపులో ఆన్ చేసి చూస్తే కార్ల నీడలు నల్లటి డబ్బాల్లా ఉన్నాయి, రోడ్డు సగం లేదు. ఎమ్యులేటర్లో బొమ్మ గీసే పనిని ప్లగిన్ అనే చిన్న ముక్క చూసుకుంటుంది. అది గ్రాఫిక్స్ కార్డుతో కుదరకపోతే ఇలాంటి వింతలే. వేరే ప్లగిన్ పెట్టాను, డ్రైవర్ కొత్తది ఎక్కించాను. రోడ్డు వచ్చింది, నీడలు నీడల్లా అయ్యాయి. ఇంత సులువా అనుకుంటూ పంపేశాను.

మూడో రోజు ముత్తయ్యన్న మళ్లీ సీపీయూతో ప్రత్యక్షం. "బొమ్మలు చీలికలు పేలికలైతున్నయ్ తమ్మీ."

గంటసేపు నడిపించాను. ఒక్క గీత కూడా చెడలేదు. "అన్నా, బాగానే ఉంది కదా!"

"ఈడ ఉన్నది. ఇంటికాడ లేదు."

చిరాకు వేసింది. అయినా కార్డును పక్కన పెట్టి ప్రాసెసరే బొమ్మ గీసేలా సాఫ్ట్‌వేర్ ప్లగిన్ పెట్టిచ్చాను. మర్నాడే ఫోను. "బొమ్మ మంచిగనే ఉంది గానీ కారు ఎడ్లబండి లెక్క పోతాంది. ఆమె జాయ్‌స్టిక్ పక్కన పడేసింది." తలప్రాణం తోకకొచ్చింది. ఆ ఆదివారం బండేసుకుని నేనే వెళ్లాను.

రోడ్డు వారనే ఇల్లు. వెదురు లారీ పోయిన ప్రతిసారీ ఎర్రదుమ్ము గుమ్మం దాటి లోపలికి వస్తోంది. మొదటిసారి నేను మార్చిన ప్లగిన్నే మళ్లీ పెట్టాను. కన్నమ్మక్క కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి జాయ్‌స్టిక్ మీద పెట్టుకుని ఆట మొదలుపెట్టింది. నేను టీ తాగే వరకు అంతా బాగుంది. తర్వాత రోడ్డు మీద రంగురంగుల ముక్కోణాలు లేచాయి, కార్లు చీలిపోయాయి. ఆమె బొటనవేలు బటన్ మీంచి జారింది.

కరెంటు ఎలా ఉంటుంది, ఎప్పట్నుంచి ఇలా అవుతోంది అని అడుగుతూ పోయాను. అన్నిటికీ ముత్తయ్యన్నే జవాబు. చివరికి కార్డు పోయిందని తేల్చేశాను. "హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె అన్నా. పది పదిహేను రోజులు పడతది."

కన్నమ్మక్క పెదాలు కదిలాయి. "ఆమెకు మాట రాదు తమ్మీ, నేను చెప్త" అన్నాడాయన. నాకు అడగడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ఆమె వైపు తిరిగి కూర్చున్నాను. జాలి పడి కాదు, దిక్కుతోచక.

"పొద్దుగాల... మంచిగుంటది" అంది. చాలాసేపు ఆగింది. "ఎండెక్కితే... జల్ది... చెడ్తది." మళ్లీ ఆగింది. "మొన్న... వాన పడ్డది. చానసేపు... ఆడిన."

నా చెయ్యి దానంతటదే సీపీయూ మీదికి పోయింది. చుర్రుమంది.

సీపీయూకు పూలచీర గుడ్డతో కుట్టిన గవుసెన తొడిగి ఉంది. ఆ రోజుల్లో కంప్యూటరున్న ప్రతి ఇంట్లో ఏదో ఒక గవుసెన ఉండేది కాబట్టి లోపలికి వచ్చినప్పుడు చూశాను గానీ పట్టించుకోలేదు. దుమ్ముకు భయపడి జబ్బు చేయకముందు కన్నమ్మక్కే కుట్టింది. బటన్ల దగ్గర కిటికీ వదిలి, వెనక గాలి పోయే రంధ్రాల్ని పూర్తిగా మూసేసింది. ఆన్ చేసినా దాన్ని తీసేవారు కాదు. నా దగ్గరికి తెచ్చేటప్పుడు మాత్రం మాసిపోతుందని మడిచి ఇంట్లో పెట్టి వచ్చేవాడు ముత్తయ్యన్న.

కార్డు బాగా వేడెక్కితే బొమ్మ తప్పుగా గీస్తుంది. సాఫ్ట్‌వేర్ ప్లగిన్ పెట్టినప్పుడు బొమ్మ చెడకపోవడానికి కారణం కార్డుకు పనిలేకపోవడమే. అంత సూచన చేతికందినా నేను చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికాను. గవుసెన తీశాను, కార్డు ఫ్యానుకు పట్టిన దుమ్ము బ్రష్షుతో దులిపాను. ఈసారి గంట దాటినా బొమ్మ చెదరలేదు. ఆట ఆపాక చల్లారనిచ్చి, అప్పుడే గవుసెన వేయమని చెప్పాను.

ముత్తయ్యన్న గుమ్మంలో నిలబడి, "మూడు నెలల సంది ఆమె మాట నేనే చెప్తున్న తమ్మీ. దవాఖానాల గూడ" అన్నాడు.

"ఎక్కువ... చెప్తడు" అంది కన్నమ్మక్క. ముగ్గురం నవ్వాం. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

లీవు అయిపోకముందే ఆమె ఉద్యోగంలో చేరింది. మునుపటి వేగం రాలేదు గానీ కుర్చీ దక్కింది. నా వల్లే అని ముత్తయ్యన్న కనిపించినప్పుడల్లా దండం పెట్టేవాడు. నిజానికి దండం పెట్టాల్సింది నేను. నేనొక మంచి కార్డును పాడైందని తేల్చితే, ఆమె మూడు మాటల్లో నన్ను నిలబెట్టింది. ఎవరైనా రిపేరుకు వస్తే ముందు దాన్ని వాడేదెవరని అడగడం, వాళ్లు చెప్పేదాకా ఆగడం నాకు ఆమె నేర్పిన పనే. ఇన్నేళ్లూ ఆ పనే నాకు అన్నం పెట్టింది.

మరుసటి ఏడు ఆమె ఒక్కతే బస్సు దిగి, సంచిలో కీబోర్డు పెట్టుకుని షాపుకొచ్చింది. ఏ కీ నొక్కితే పైకి రాకుండా పట్టేస్తోందో, ఎప్పుడు పట్టేస్తోందో ఆగి ఆగి చెబుతోంది. వెనక నిలబడ్డ ఒకాయన "సారూ, జర జల్ది కానియ్యి, నాకు బస్సుంది" అన్నాడు.

"ఆగన్నా. అక్క చెప్తున్నది" అన్నాను.