ముఖమల్ చొక్కా తొడుక్కున్న కంప్యూటర్

మా చిన్నప్పుడు... ఎనభైల చివర్లో, తమిళనాడు ధర్మపురిలో మా మామ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ కూడా చొక్కా తొడుక్కునేది...

ఆ మాట ఈ ఆదివారం ఎందుకు ఎత్తానో ముందే చెబుతాను. ఆటలు తడబడకుండా ఆడడానికి తన కంప్యూటర్‌లో ప్రాసెసర్ వేగం పెంచుకుంటానని నా మనవరాలు కావ్య అడిగిందట. "కాలిపోతుంది, ఆడపిల్లకు ఎందుకా పని" అని మా అబ్బాయి కసిరాడు. సరిగ్గా అదే మాట ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి చదివేటప్పుడు నేనూ పడ్డాను. అప్పుడూ ఊరుకోలేదు, ఇప్పుడూ ఊరుకోను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం కాగానే ప్రతి టైపు మిషన్‌కూ రెక్సిన్ కవరు తొడగడం ఆచారం. సేలం లారీలు లేపే దుమ్ము అలాంటిది మరి. కంప్యూటర్ వచ్చాక మా అత్త దానికి ఎర్ర ముఖమల్‌తో చొక్కా కుట్టింది... అంచుకు జరీ, తెరకూ స్విచ్చికీ కత్తిరించిన కంతలు. పని చేస్తున్నప్పుడు కూడా ఆ చొక్కా తీసేవారు కారు. శుక్రవారం కుంకుమబొట్టు, మూర మల్లెపూలు అదనం.

అందులో కారు పందెం ఆట ఒకటి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం మాకు అదే పండుగ. కానీ కారు పరిగెత్తేది కాదు, ఎక్కిళ్లు వచ్చినట్టు ఆగి ఆగి పోయేది...

పెట్టెలో గోరంత క్రిస్టల్ ఒకటి ఉంటుందనీ, పాటకు వేసినట్టు ప్రాసెసర్‌కు తాళం వేసేది అదేననీ బిగించడానికి వచ్చిన ఇంజనీరు చెప్పాడు. దాని మీద అంకె పెద్దదైతే తాళం వేగం. మా దాని మీద పన్నెండు అని ఉంది. చింతపండు అమ్మడానికి బెంగళూరు పోయే మా నాన్న చేత పద్నాలుగుది, పదహారుది తెప్పించుకున్నాను.

మామ నా చేతిలోని స్క్రూడ్రైవర్ చూశాడు.

"ఏం పాపా, పెట్టె తెరిసేదానికి వచ్చినావా? కాలిపోతే?"

"కాలదు మామా. ఒక్కో మెట్టే ఎక్కిస్తాను. వేడెక్కితే దించేస్తాను."

"సరే. నిలిచిపోయిందంటే మటుకు మళ్లా నువ్వు దీన్ని తాకకూడదు. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. ఊళ్లో నాకు అందేది ఆ ఒక్క కంప్యూటరే... అయినా ఒప్పుకున్నాను.

ప్లగ్గు పీకి, ఒంట్లో కరెంటు పోవడానికి ఇనుప చట్రాన్ని తాకి, క్రిస్టల్ మార్చాను. పద్నాలుగుతో ఆ వారమంతా ఇబ్బంది లేదు. మరుసటి ఆదివారం పదహారు పెట్టాను. అత్త వచ్చి తన చొక్కా మళ్లీ తొడిగి, సర్ది పోయింది. కారు నీళ్లలో చేపలా జారింది! పిల్లలంతా కేకలు...

అరగంటకు తెర బిగుసుకుపోయింది.

"చెప్తినా లేదా! పాయె!" అని మామ నెత్తి పట్టుకున్నాడు.

"ఆడపిల్ల చేతికి ఇచ్చినావు కదా, అనుభవించు," అంది అత్త.

నేను ఏడవలేదు. చొక్కా కిందికి చెయ్యి దూర్చి, మడిచిన వేళ్లు పెట్టెకు ఆనించాను. పెనంలా ఉంది. గాలి పోవడానికి వెనక ఉన్న కంతలన్నీ ముఖమల్‌తో మూసుకుపోయి ఉన్నాయి.

"మామా, పాత క్రిస్టల్ ఉన్నప్పుడు గూడా పోయిన ఎండకాలం మధ్యానాలు నిలిచిపోయేది కదా? కరెంటు సరిలేదంటివే?"

"అవును, దానికేం ఇప్పుడు?"

"తప్పు కరెంటుది కాదు, క్రిస్టల్‌దీ కాదు. అత్తా, నడివేసవి కత్తిరి ఎండల్లో నీకు ఈ చొక్కా తొడిగి పరిగెత్తమంటే పరిగెత్తుతావా?"

పిల్లలు నవ్వారు. అత్త నవ్వలేదు. "నా చొక్కా మీద నేరం వేస్తుంది చూడు!"

"దుమ్ము ఎవురు తుడిచేది?" అన్నాడు మామ.

"దినమూ నేనే వచ్చి తుడుస్తాను. తీసేయండి."

చొక్కా తీశారు. "సరే, ఇంకొక్కసారి చూడు," అన్నాడు మామ. పెట్టె చల్లబడేదాకా ఆగి మళ్లీ స్విచ్చి వేశాను. చీకటి పడేవరకు కారు పరిగెత్తుతూనే ఉంది... ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. గంటకోసారి వేళ్లు ఆనించి చూశాను. మళ్లీ వేడెక్కి ఉంటే పద్నాలుగుకు దిగేదాన్నే, మాట అంటే మాట. ఆఖరున స్టూలు మీదినుంచి నన్ను లేపి మామ కూర్చున్నాడు, తనూ ఒక పందెం ఆడాలట!

మరునాడు దుమ్ము తుడవడానికి పోతే నా స్టూలు మీద ఎర్ర ముఖమల్ దిండు ఉంది... జరీ అంచుతో సహా.

ఇప్పుడు పెట్టె తెరవనక్కర్లేదు, క్రిస్టల్ వెతకనక్కర్లేదు. తెర మీద అంకె మారిస్తే చాలు... ఆ ముఖమల్ లేదు, ఆ లారీల దుమ్మూ మా వీధిలో లేదు. "ఆడపిల్లకు ఎందుకు" అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు.

మీ ఇళ్లలో ఏ ఏ యంత్రాలు చొక్కాలు తొడుక్కున్నాయో, మీ చేతులను ఎవరు అడ్డుకున్నారో రాయండి. ఈలోగా మా ఇంట్లో జరగవలసినవి ఇవి:

1. కంప్యూటర్‌ను బీరువా అరలోంచి బయట పెట్టాలి, దుమ్ము తుడవాలి. అది మా అబ్బాయి పని. అందంగా ఉంటుందని తలుపులు వేసి మూసింది వాడే.

2. వేగం పెంచడానికి ఆ ప్రాసెసర్ ఒప్పుకుంటుందో లేదో కావ్య ముందు చూడాలి. ఒప్పుకోనిదైతే అక్కడే ఆగాలి.

3. ఒక్కో మెట్టే పెంచాలి. వోల్టేజీ జోలికి పోకూడదు. ప్రతి మెట్టు దగ్గరా గంటసేపు గట్టిగా పని చేయించి వేడి చూడాలి. తెర ఆగినా, వేడి హద్దు దగ్గరికి వచ్చినా ఒక మెట్టు దిగాలి, అలగకూడదు.

4. కాలిపోతే బదులు చెప్పేది నేను. కావ్యను ఎవరూ ఒక్క మాట అనకూడదు.

5. మా అబ్బాయికి తెలుగు చదవడం రాదు, కావ్యకు నేను నేర్పాను. కావ్యా, మీ నాన్నను ఎదురుగా కూర్చోబెట్టి ఇదంతా గట్టిగా చదువు... నాలుగోది రెండుసార్లు.