కుడివైపు తిరగని అసిరయ్య

అసిరయ్య కుడివైపు తిరిగేవాడు కాదు. బస్సు డ్రైవరుకు ఉండకూడని గుణమే, కానీ ఉండేది. రోడ్డు తనంతట తాను కుడికి వంకర పోతే అతనికి అభ్యంతరం లేదు. కూడలి దగ్గరకొచ్చి, ఇక మనమే తిరగాలి అన్నప్పుడే చిక్కు. డెబ్బయ్యో దశకంలో పోర్ట్ బ్లెయిర్‌లో ఫెరార్‌గంజ్ బస్సు ఎక్కిన వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు.

నేను అప్పట్లో రోడ్ల శాఖలో ఓవర్సీరుని. కాపురం ఫెరార్‌గంజ్‌లో, ఆఫీసు ఊళ్ళో. రోజూ అసిరయ్య బస్సే గతి. డిగ్నాబాద్ దగ్గరి కూడలిలో కుడికి తిరిగితే చాలు, బజారూ బస్టాండూ ఎదురుగా కనిపించేవి. అసిరయ్య మాత్రం కూడలిని నేరుగా దాటేసి, పల్లంలోకి దిగి, ఎడమకు తిరిగి, సముద్రపొడ్డున పోయి, మళ్ళీ ఎడమకు తిరిగి, గసపెడుతూ ఎత్తు ఎక్కి, మరోసారి ఎడమకు తిరిగి అదే కూడలికి ఇంకో పక్క నుంచి వచ్చేవాడు. అప్పుడు నేరుగా దాటితే బజారు. కొత్తగా ఓడ దిగినవాళ్ళు మూలనున్న టీ కొట్టును రెండుసార్లు చూసి, ఈ ఊళ్ళో కొట్లన్నీ ఒకేలా కడతారు కాబోలు అనుకునేవారు.

ఎందుకయ్యా ఇలా అంటే రోజుకో కారణం. ఒకనాడు కుడి భుజం పట్టేసిందనేవాడు. ఇంకోనాడు కుడి మలుపులో గండం ఉందని చిన్నప్పుడు సోదమ్మ చెప్పిందనేవాడు. ఒకసారి ఒక హిందీ మాస్టారు విసిగిపోయి, కుడికి తిప్పు, ఏమీ కాదని సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

"దాయే మోడ్ లో భయ్యా, కుఛ్ నహీ హోగా."

"నాకేటీ అవదు మాస్టారూ. ఈ బస్సుకే గాబరా," అన్నాడు అసిరయ్య.

బస్సు దిగినా అదే వరస. కుడిపక్క కిళ్ళీ కొట్టుకు పోవాలంటే నిలబడ్డచోటే ఎడమకు ముప్పావు చుట్టు తిరిగి, అప్పుడు నడిచేవాడు. గుళ్ళో ప్రదక్షిణ చేయాలంటే ప్రతి మూలా కుడికే తిరగాలి కదా. అందుకని గుమ్మంలోనే దణ్ణం పెట్టుకుని, నా సంగతి దేవుడికి తెలుసులే అని వచ్చేసేవాడు.

దీనికి తోడు ఇంకో బెడద. ఎత్తు ఎక్కే ముందు ఇంజనుకు నీళ్ళు పోయాలని ఒడ్డున బస్సు ఆపేవాడు. ఆ సందులో చేపల గంపలతో ఆడవాళ్ళు వెనక తలుపులోంచి ఎక్కేసేవారు. ఇక్కడ స్టాపు లేదు, మిమ్మల్ని ఎవరెక్కమన్నారని అసిరయ్య కేకలేసేవాడు. ఆ కేకలు పూర్తయ్యేసరికి ఆఖరి గంప కూడా లోపలికి చేరేది. అందరికంటే ముందు ఎక్కే యర్రమ్మ అతని తిట్లు వింటూనే చీర కొంగు సర్దుకుని, కండక్టరు జోగులుకు చిల్లర చాపేది. గుమాస్తాలు చేప నీళ్ళు తగలకుండా పంట్లాములు పైకి మడుచుకుని, అసిరయ్యను లోలోపల తిట్టుకునేవారు.

ఆఫీసులకు ఆలస్యమవుతోందని ఫిర్యాదులు వెళ్ళాయి. ఆ కూడలి కూడా పొద్దున్నే నరకంలా ఉండేది. దుంగల లారీలు, జీపులు, సైకిళ్ళు, ఎటు పోవాలో తేల్చుకోలేని ఆవులు, అన్నీ అక్కడే కలిసేవి. దాన్ని బాగుచేసే పథకం తయారుచేయమని మా పెద్ద ఇంజనీరు సుందర్‌రాజ్ గారు నాకు అప్పగించారు. ఆయన ఆలోచన ప్రకారం కూడలి పక్కనున్న మట్టి గట్టు తొలవాలి, టీ కొట్టు తీసేయాలి, కుడికి తిరిగే బండ్లకు విడిగా దారి వేయాలి. అంత వెడల్పు చేశాక కూడా అసిరయ్య తిరగకపోతే అతన్ని వర్క్‌షాపుకు పంపి వేరే డ్రైవరును వేస్తామని బస్సుల ఆఫీసువాళ్ళు చెప్పారు.

ముందుగా చెవిన వేద్దామని ఒక ఆదివారం సాయంత్రం లంబాలైన్‌లో అతని ఇంటికి వెళ్ళాను. అసిరయ్య ఇంట్లో లేడు. భార్య దేముడమ్మ స్టూలు వేసి మంచినీళ్ళిచ్చింది. గ్లాసు నోటి దగ్గర ఉండగానే అసిరయ్య సైకిలు మీద కనిపించాడు. సందు మొగలో గంట కొట్టి, కుడిచెయ్యి బారుగా చాపి, పాట కూనిరాగం తీస్తూ హాయిగా కుడికి తిరిగాడు.

అప్పుడు నన్ను చూశాడు. సైకిలు దిగి, దాన్ని వెనక్కి మళ్ళించి ఎడమవైపు నుంచి రావడానికి కొంచెం ప్రయత్నం చేశాడు.

"ఇంకెందుకయ్యా ఆ అవస్త. బాబు సూసేసినారు," అంది దేముడమ్మ.

అసిరయ్య అరుగు మీద కూలబడి మెల్లగా సంగతి చెప్పాడు. అతను ఈ బస్సుకు వచ్చిన కొత్తలో, ఒక వానాకాలంలో, ఎరుకమ్మ అనే ముసలామె చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒడ్డు నుంచి బజారుకు ఆ ఎత్తు ఎక్కుతూ జారిపడింది. కాలు విరిగింది. ఆ దారిలో బస్సు వేసి స్టాపు పెట్టమని అసిరయ్య ఆఫీసులో అడిగాడు. చేపల గంపల కోసం బస్సు దారి మారుస్తామా అని వాళ్ళు నవ్వారు.

"నా అంతట నేను రూటు మారిస్తే తప్పవుద్ది బాబూ. భయమేస్తందంటే తప్పేటుంది? నిజం సెప్తే రూలు అడ్డమొస్తది. భయమంటే ఆపీసోళ్ళయినా కొన్నాళ్ళు ఓపిక పడతారు."

వర్క్‌షాపు మాట చెప్పాను. అసిరయ్య తలూపి, "ఎల్తానులే బాబూ. ఆ వొచ్చేవోడు కూడా కొంచెం పిరికోడైతే బాగుణ్ణు," అన్నాడు.

ఆ మాటకు నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాను. మర్నాటి నుంచి పొద్దున్నే కూడలిలో నిలబడి బండ్ల రాకపోకలు చూడటం మొదలుపెట్టాను. కుడికి తిరగాల్సిన లారీ ఒకటి మధ్యలో ఆగేది. ఎదురొచ్చేవి సందు ఇచ్చేవి కావు. దాని వెనక బస్సు, బస్సు వెనక జీపు, అందరి హారన్లూ కలిసి ఒకే మోత. అసిరయ్య బస్సు మాత్రం ఎవరికీ అడ్డం రాకుండా రెండుసార్లూ సాఫీగా దాటిపోయేది. తర్వాత ఈ మాట చెబితే అతనే తెల్లబోయాడు. అతనికి తెలిసిందల్లా ఒడ్డున ఎదురుచూసే గంపలే.

పాత నక్షా పక్కనపెట్టి కొత్తది గీశాను. గట్టు తొలిచే పని లేదు. పెద్ద బండ్లేవీ పొద్దుటి పూట అక్కడ కుడికి తిరగకూడదు, ఒడ్డు రోడ్డు మీదుగా చుట్టి రావాలి. బస్సులన్నీ అటే పోతాయి కాబట్టి ఒడ్డున ఒక స్టాపు. బస్సు వెనక సీట్లు రెండు తీసేసి, నీళ్ళు బయటికి పోయే రేకు పరిచి, గంపలకు చోటు.

సుందర్‌రాజ్ గారు నక్షా తిప్పి తిప్పి చూశారు. టీ కొట్టు తీయించాలన్నప్పటి నుంచి ఆయనకు మనసులో మనసు లేదు. ఆ కొట్టువాడు ఎదురుపడినప్పుడల్లా నమస్కారం పెట్టి బతిమాలుతున్నట్టు చూసేవాడట.

"అంటే ఇక ఊరంతా అసిరయ్యలా నడపాలన్నమాట," అన్నారు.

"అవును సార్."

ఆయన గట్టిగా నవ్వి సంతకం చేశారు.

బస్సుల ఆఫీసువాళ్ళు కూడా సరేనని, అసిరయ్యను మార్చే మాట వదిలేశారు. కొన్నాళ్ళు అలా నడిపి చూస్తే కూడలి తేటపడింది. చుట్టు తిరిగినా గుమాస్తాలు మునుపటికంటే పెందలాడే ఆఫీసు చేరారు. టీ కొట్టువాడు మా శాఖవాళ్ళెవరు వచ్చినా డబ్బాలోంచి మంచి బిస్కట్లు తీసేవాడు. కుడికి తిరగరాదు అని మూడు భాషల్లో బోర్డు పెట్టిన రోజున అసిరయ్య దాని కింద నిలబడి, హమ్మయ్య అని మెడ అటూ ఇటూ తిప్పుకున్నాడు. భయం నటించీ నటించీ మెడ పట్టేసిందట, ఈసారి నిజంగానే.

స్టాపు మొదలైన పొద్దున నేనూ ఆ బస్సులోనే ఉన్నాను. ఒడ్డున ఆడవాళ్ళందరూ ఎక్కాక, చేతికర్ర ఆసరాతో ఎరుకమ్మ వచ్చింది. కాలు విరిగాక బజారుకు బయల్దేరడం అదే మొదలు. చంకలో చిన్న గంప. అసిరయ్య దిగి వెళ్ళి గంప అందుకుని, ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, కుదుపు తగలకుండా బస్సును పసిపిల్లాడిని నడిపించినట్టు ఎత్తు ఎక్కించసాగాడు.

సగం ఎత్తు ఎక్కేసరికి ఎరుకమ్మ కర్రతో అతని సీటు వెనక తట్టింది.

"బేగి పోనియ్యిరా. ఇలగైతే బజారు సేరీలోగా నా పచ్చి సేప ఎండు సేపయిపోద్ది."

అసిరయ్య నవ్వి గేరు మార్చాడు.